బొట్టు పెట్టి పిలిస్తేనే

మొన్న తెనాలి బజారులో ఒక కొట్టతను కొత్త లక్కపిడతల సెట్టు విప్పి చూపిస్తుంటే ఆ లక్క వాసన గుప్పున తగిలింది. నేను వచ్చింది కూరగాయలకు, కానీ కాళ్ళు కదలలేదు. ఆ వాసన నా చిన్నతనానిది కాదు. ఎనభైల్లో, డిగ్రీ చేతబట్టుకుని బాపట్లలో ఒక ఆసుపత్రిలో పనికి చేరిన రోజులది. అక్కడ పిల్లల వార్డు చివర ఒక గది ఉండేది. అందులో ఇసుక తొట్టి, గుడ్డబొమ్మలు, లక్కపిడతలు, వాటి మధ్య చాపమీద సుగుణమ్మగారు. మందులకు లొంగని భయాన్ని ఆటతో తగ్గించే విద్య ఆవిడ మద్రాసులో నేర్చుకుని వచ్చారు. నన్ను ఆవిడకు సాయంగా వేశారు. మా వైపు అలాంటి వైద్యం ఒకటుందని అప్పటికి ఎవరూ వినలేదు. "ఆడుకోడానికి కూడా జీతమిస్తన్నారంట, చూశారా!" అని మా అమ్మ వీధంతా చెప్పుకుని నవ్వింది. నాకూ లోలోపల అదే అనుమానం.

సుగుణమ్మగారు పొట్టిగా, గట్టిగా ఉండేవారు. లూథరన్ల ఇంటి ఆడపడుచు. తెల్లచీర, బోసి నుదురు, ఆదివారం చర్చి తప్పని మనిషి. గదిలో ఆవిడ చట్టం ఒక్కటే: ఆట పిల్లలది, వాళ్ళు చెప్పినట్టు మనం ఆడాలి. వినడానికి తేలికే. కానీ మా వైపు మనుషులకు పిల్లలు కనబడితే నోరూ చెయ్యీ ఊరుకోవు. తూలకముందే పట్టుకుంటాం, ఆకలనకముందే ముద్ద పెడతాం, పేరు అడిగితే వాళ్ళ బదులు మనమే చెప్పేస్తాం. చేరిన కొత్తలో ఒక పిల్లాడు ఇసుకతో గోడ కడుతుంటే వంకరగా ఉందని నేను సర్దాను. వాడు చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. "గోడ చక్కగా ఉందమ్మా. కాకపోతే ఇప్పుడది నీ గోడ" అన్నారు సుగుణమ్మగారు. ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

అలాంటి రోజుల్లో రేపల్లె దగ్గరి పల్లెనుంచి నాగమణి వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. గడ్డిబండి మీదనుంచి పడి తొడ ఎముక విరిగింది. పిండికట్టుతో చాలాకాలం మంచంమీదే ఉంది. కట్టు తీశారు, ఎముక అతికింది, కాని పిల్ల కాలు కింద మోపదు. తల్లి బతిమాలింది, తండ్రి చాక్లెట్టు చూపించాడు, నర్సులు రెక్కలు పట్టి నిలబెట్టారు. నిలబెట్టినప్పుడల్లా పై కప్పు ఎగిరిపోయేలా ఏడ్చేది. "ఇంకా ఇలాగే ముడుచుకుని ఉంటే మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత ఎవరేం చేసినా సరిగ్గా నడవదు" అని డాక్టరుగారు తండ్రికి ఖచ్చితంగా చెప్పేశారు. అతను సుగుణమ్మగారి ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"కాలు పోతే దాని బతుకేంటండీ అమ్మగారూ? మీ ఆటతో నడుస్తదంటారా?"

"నడుస్తుందని మాటివ్వలేనండి. ఆడుతుందని మాత్రం చెబుతాను. ఆ గదిలో దాన్ని నడవమని ఎవరూ అనకూడదు. మీరు కూడానండి."

నాగమణి చాపమీద కూర్చున్నచోటునుంచే రాజ్యం ఏలేది. గుజ్జనగూళ్ళు వండి అందరికీ ఉత్తుత్తి అన్నం వడ్డించేది. నేను నీళ్ళు మోసే పనిమనిషిని, సగం రోజులు ఆటలో అరటిపండుని. దాని ఆటలో ఒక్క బొమ్మా లేచి కూర్చునేది కాదు. అన్నిటినీ పడుకోబెట్టి దుప్పటి కప్పేది. ఉండబట్టలేక ఒకనాడు నేనొక బొమ్మను నిలబెట్టబోతే సుగుణమ్మగారు చెయ్యి అడ్డం పెట్టారు. "పడుకోనీ. దాని భయం తీరాక అదే లేపుకుంటుంది" అన్నారు మెల్లగా. డాక్టరుగారు రోజూ గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళేవారు. ఆ రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు. ఆవిడకు మాత్రం నిద్ర, తిండి మామూలే.

ఒక ఉదయం నాగమణి ఒక బొమ్మను లేపి గోడకు ఆనించింది. "ఇది పెళ్ళికూతురు. నేను వాళ్ళమ్మని" అంది. తల్లినడిగి కుంకుమభరిణె తెప్పించుకుంది. సుగుణమ్మగారిని గదికి ఆ చివర బల్లమీద కూర్చోమంది. "నువ్వు పెద్దత్తవి. నీకు కోపం ఎక్కువ." ఆవిడ వెంటనే మూతి ముడుచుకుని కూర్చున్నారు. వంటయ్యాక నాగమణి నన్ను పంపింది. "అక్కా, పెద్దత్తని పెళ్ళికి రమ్మను."

నేను వెళ్ళి పిలిచాను.

"పనిమనిషి పిలిస్తే పెళ్ళికెళ్ళడం మా ఇంటా వంటా లేదు" అన్నారు పెద్దత్తగారు. "పెళ్ళికూతురి తల్లి వచ్చి బొట్టు పెట్టి పిలవాలి. లేకపోతే పిలవని పేరంటానికి వచ్చిందని నలుగురూ నవ్వరూ?"

"రా అత్తా, అన్నం చల్లారిపోతంది!" నాగమణి అక్కడినుంచే అరిచింది.

"చల్లారనీ. మర్యాద మర్యాదే."

బొట్టు లేని పిలుపు పిలుపు కాదని మా వైపు ఆరేళ్ళ పిల్లకూ తెలుసు. నాగమణి పెళ్ళికూతుర్ని చూసింది, అన్నం చూసింది, అత్తను కొరకొరా చూసింది. భరిణె తీసుకుని, గోడ పట్టుకుని లేచింది. "ఉండు, వస్తన్నా" అని గొణిగింది. గోడ అయిపోయాక వదిలేసింది. గది మధ్యకొచ్చేసరికి కాలు మడతపడింది. నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. సుగుణమ్మగారు నావైపు ఒక్క చూపు చూశారు. నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. నాగమణి తూలింది, నిలదొక్కుకుంది, కుంటుకుంటూ వచ్చేసింది. ఏనాడూ బొట్టెరగని ఆ నుదుటిమీద రూపాయి కాసంత కుంకుమ అద్ది, "మా అమ్మాయి పెళ్ళండి, తప్పకుండా రావాలి" అంది.

"వస్తానమ్మా, ఎందుకు రానూ" అన్నారావిడ. ఆ గొంతులో పెద్దత్తగారు లేరు.

అంతటితో ఆగితే అది పెళ్ళెందుకవుతుంది? ఆ పూట వార్డంతా పిలుపులే. పక్క మంచాల తల్లులు, ఆయాలు, నర్సులు, అందరి నుదుళ్ళూ ఎరుపే. డాక్టరుగారు వంగి మరీ బొట్టు పెట్టించుకున్నారు. తండ్రి వరండాలో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు. "ఇదేంటండీ సుగుణమ్మగారూ, బొట్టూ మీరూనా?" అని ఒక నర్సు ఆటపట్టిస్తే, "పెళ్ళికి పిలిచారండి. మీకు పిలుపు రాలేదా?" అన్నారావిడ. ఇంటికి వెళ్ళేదాకా తుడుచుకోలేదు. అంత సంతోషం నేను నా సొంత పెళ్ళిలో కూడా పడలేదు.

తొంభైల్లో తెనాలిలో నాకంటూ ఒక గది పెట్టుకున్నాను. సుగుణమ్మగారు ఇప్పుడు లేరు. ఆవిడ నేర్పిన విద్యలో నాకింకా పూర్తిగా పట్టుబడనిది ఒక్కటే. పిల్ల తూలినప్పుడు నా చేతులు ఇవాళ్టికీ ముందుకు దూకుతాయి. వాటిని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంటాను. గుమ్మంలో నిలబడ్డ తల్లిదండ్రులు, ఇదేం రాతిగుండె మనిషి అన్నట్టు చూస్తారు. చూడనీ. ఆ పిల్ల తన కాళ్ళతో నా దాకా వచ్చేవరకూ నేను లేవను.