కుక్కకి కరిగిన మాత్ర

మా మేనత్తది మందుల పరిశోధనశాలలో ఉద్యోగం. మింగిన మాత్ర పొట్టలో ఎలా కరుగుతుందో చూడడం ఆవిడ పని. భోజనాల దగ్గర ఎవరైనా అడిగితే "అరుగుదల రసాలతో కాలక్షేపం" అనేది. ఎదుటివాళ్ల చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయేది.

ఒకసారి కీళ్ల నొప్పులకు కొత్త మందు తయారైంది. కుక్కలకిస్తే చక్కగా రక్తంలోకి ఎక్కింది. అందరూ సంబరపడుతుంటే "ఇల్లలకగానే పండగ కాదు" అంది అత్త. అన్నట్టే, మనుషులకిస్తే రక్తంలో మందు జాడే లేదు. అత్త వాళ్ల పైఅధికారి వెళ్లి మాత్రల మిషన్ నడిపే ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"రాళ్లలా నొక్కేశావయ్యా!"

"అదే మాత్ర కుక్కకి కరిగింది కదండీ," అంది అత్త. "తేడా మాత్రలో కాదు, పొట్టలో ఉందేమో చూద్దాం."

చూడాలంటే పరగడుపున ఉన్న మనిషి చిన్నపేగులోంచి రసం తీయాలి. అందుకు ముక్కులోంచి సన్నని గొట్టం దింపాలి. ఎవర్నడిగినా గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టు మొహం పెట్టారు. అత్త తనే ముందుకొచ్చింది.

"జ్వరం బిళ్లే మింగలేవు, గొట్టం మింగుతావా?" అని మామయ్య కంగారుపడ్డాడు.

"నేను మింగకుండా ఇంకొకర్ని మింగమని ఎలా అడగనండీ?"

ఆస్పత్రిలో గొట్టం దిగుతుంటే వాంతి తన్నుకొచ్చింది, కళ్లు ధారకట్టాయి. డాక్టరు ఆపబోతే కానివ్వమని చెయ్యి ఊపింది. ఆ సంగతి తెలిసి, తనూ గొట్టం మింగుతానని మిషన్ ఆయన వచ్చాడు. ఆయన వెనక మరికొందరు వచ్చారు.

ఒక గాజు సీసాలో కుక్క పేగు రసం, ఇంకోదాంట్లో మనిషి రసం పోసి, రెండిట్లో మందు పొడి వేసి చూశారు. కుక్క రసంలో కరిగింది. మనిషి రసంలో ఇసుకలా అడుగున కూర్చుంది. కుక్క రసంలో పిత్తం చిక్కగా ఉంది. సబ్బు జిడ్డును నీళ్లలో కలిపినట్టు, ఆ పిత్తం మందును కలిపేసుకుంది. మన రసంలో అది పలచన.

"అయితే ఎలుకల మీద చూద్దామా?" అన్నాడు అధికారి.

"ఎలుకకి పిత్తాశయమే లేదండీ. పిత్తం ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఎవరి పొట్ట వాళ్లదే!"

పొట్టకి కరిగించే పని లేకుండా మందును ముందే నూనెలో కరిగించి మెత్తటి క్యాప్సూళ్లలో నింపించింది అత్త. ఈసారి మనుషుల రక్తంలోకి ఎక్కింది. అధికారి పొగడబోతే అడ్డుపడింది.

"ముందు మిషన్ ఆయనకి క్షమాపణ చెప్పండి."

అధికారి అందరి ముందూ చెప్పాడు. మిషన్ ఆయన నవ్వేశాడు. "పోనీలెండి సార్. నా పేగులో రసం కూడా చూసేశారు, ఇంక మన మధ్య మొహమాటాలేంటి?"