స్విచ్చి మీద చెదిరిన బొట్టు

మొన్న నేను వాకిట్లో కూర్చొని చెనిక్కాయలు వొలుస్తాంటే నా కూతురు నా ఫోను చేతిలోకి తీసుకొని, "నిండిపోయిందమ్మా, పాత మెయిళ్లు కొన్ని తీసేస్తా" అనింది. "వాటి జోలికి పోయినావంటే చెయ్యి విరగ్గొడతా" అంటి. పాప బిత్తరపోయి, ఫోను నా ఒళ్లో పడేసి లోపలికి పోయింది. దానికేం తెలుసు పాపం. ఒకప్పుడు పోయిన మెయిళ్లను వెనక్కి తెచ్చుకోవడానికి నేను పడిన పాట్లు, అవి వచ్చినాక ఏడ్చిన ఏడుపు దానికి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాల, మా బావ సంగతి చెప్పాల.

మా నాయనది కొత్తచెరువు పక్కన పల్లె. చెనిక్కాయ విత్తి వానకోసం మొగులు చూసే బతుకు. మా పిల్లోళ్లకన్నా ఈ బతుకు వద్దని మా అక్కను ధర్మవరంలో మగ్గాలుండే ఇంటికిచ్చినాడు, నన్ను దానికి రెండు వీధుల అవతల ఇచ్చినాడు. నాకు చిన్నప్పటినుంచీ ముగ్గుల పిచ్చి. ఆ పిచ్చిని చీరల మీదికి మళ్లించింది మా బావే, కాదంటే నా నోట్లో పురుగులు పడతాయి. "ఏమ్మే, వాకిట్లో వేసి అందరితో తొక్కించుకునేదానికన్నా కాగితం మీద వెయ్యి" అని గళ్ల కాగితాల కట్ట తెచ్చిచ్చినాడు. తర్వాత కంప్యూటరు తెచ్చి వాళ్లింటి ముందరి గదిలో పెట్టినాడు. నేను గీసేది, ఆయన నేయించేది. పూనాలో చీరల అంగడి నడిపే ఒకామె మెయిల్లోనే మాకు పరిచయమైంది. ఆమెకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు రాసేదానికి చాలుతాది గానీ మాట్లాడేదానికి చాలదు. అందుకని ఏమున్నా మెయిల్లోనే. రైతుబిడ్డను కదా, ప్రతి మెయిలు అడుగునా ఈడ వాన పడిందా లేదా అని ఒక ముక్క రాసేది నాకు అలవాటు. రాసేదేముంది, పడలేదనే. ఆమె పూనా వానల సంగతి రాసి నన్ను ఉడికిస్తాండె. అన్నిటికన్నా మించి, చీరకు కట్టే చిన్న అట్టముక్క మీద ఇది గీసింది ఫలానామె అని నా పేరు అచ్చేయిస్తాండె. మగ్గాల ఊర్లో గీసినోళ్లకు పేరుండదు. నాకుండె. ఆ అట్టముక్కల్లో ఒకటి మా దేవునిగూట్లో పెట్టుకొని మొక్కుతాంటి, ఎవురు నవ్వినా సరే.

ఆ ఏడు ఆయుధ పూజ వచ్చింది. మా కాడ ఆ పొద్దు మగ్గాలు, ఆసుపోసే రాట్నాలు, కత్తెరలు అన్నీ తుడిచి, బొట్లు పెట్టి, బొరుగులూ బెల్లమూ పెట్టి మొక్కినామంటే మళ్లా మరుసటి పొద్దుటిదాకా ఎవురూ ముట్టుకోకూడదు. పనిముట్లు నిద్రపోతాండాయి అంటాడు మా బావ. ఒకసారి నేసే ఆయన మరిచిపోయి పోగు తోసే నాడె చేత పట్టుకుంటే వీధంతా వినపడేట్టు అరిచినాడు. కంప్యూటరుకు బొట్టు పెట్టేది నా పని. ఎర్రదుమ్మంతా తడిగుడ్డతో తుడిచి, స్విచ్చి మీద పసుపు, దాని నడుమ కుంకుమ పెట్టినా. మజ్జాన్నం మా అక్క నన్ను వంటింట్లో కూర్చోబెట్టుకొని బెల్లం ఓళిగలు పెట్టింది. చాలంటే వినదు. "ఇంకొకటి తిను మే, నేతిలో వేస్తా" అని లేవనీలేదు. మా అక్క చేతి ఓళిగ ముందర ఎవురికి లేవబుద్ధయితాది.

మరుసటి పొద్దున చూస్తే స్విచ్చి మీద బొట్టు చెదిరి ఉండాది. "ఎలక పొర్లినట్టుండాది మే" అన్నాడు బావ. సరేలెమ్మని బొట్టు దిద్ది కంప్యూటరు వేస్తి. పూనా ఆమె మెయిళ్లు ఒక్కటీ లేవు. ఆమె రాసినవి లేవు, నేను రాసినవి లేవు, పంపిన డిజైన్లు లేవు, ఆమె మెయిలు అడ్రసు కూడా వాటితోనే పోయింది. బావ తల గోక్కున్నాడు. "నిన్న పూజకు ముందర నువ్వు పైన తుడిస్తివి, నేను లోపల గూడా శుభ్రం చేసినా. పాతవి తీస్తాంటే చెయ్యి జారినట్టుండాది" అన్నాడు. మగ్గం సందుల్లో దుమ్ము కూడా ఈకతో తీసే మనిషి, చేసుంటాడనే అనుకుంటి. కోపం రాకపోగా నవ్వొచ్చింది. కంప్యూటరు కడుపు కూడా కడిగినాడంట అని మా ఇంట్లో చెప్పుకొని నవ్వినాం. నవ్వితే నవ్వినాం గానీ పూనా నుంచి కొత్త మెయిలు ఒక్కటీ రాలా. దసరా పోయింది, దీపావళి వచ్చింది. నా పేరు ఆడ ఇంకెవురికీ గుర్తులేనట్టే అయింది.

"దుడ్లు దండగ, ఇడిసిపెట్టు మే" అని బావ అంటానే ఉండె. నేను ఇంటానా. కంప్యూటరు పెట్టెను ఆటోలో వేసుకొని రిపేరు అంగడికి పోయినా. ఆ అంగడాయన పనికన్నా మాటలు ఎక్కువ. వాళ్ల బోరు ఎండిపోయిన కథంతా చెప్పి, మెయిళ్ల చెత్తబుట్ట తెరిచి చూసి, ఏమీ లేదని పెదవి విరిచి, నేను మొగం వేలాడేస్తే అప్పుడన్నాడు: "చెరిపితే పోవక్కా. మెయిళ్లన్నీ ఒక పెద్ద ఫైల్లో ఉంటాయి, చెరిపినప్పుడు పేరు కొట్టేస్తాది అంతే. ఆ ఫైలును కుదించేదాక లోపల అట్లే పడుంటాయి." ఆ ఫైలును ముందు వేరేగా దించుకొని, దాని మీద ఏదో నడిపించినాడు. ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టినాయి. నా డిజైన్లు, ఆమె మాటలు, పూనా వానలు. చిన్నపిల్ల మాదిరి చప్పట్లు కొడ్తి. ముందు బావకే చెప్పాలని ఫోను తీసినా కూడా.

అడుగున రెండుండాయి, నేను ఎప్పుడూ చూడనివి. ఒకటి నా పేరుతో పూనాకు పోయింది. నా కండ్లు పాడైనాయంట, ఇంక గీయలేనంట, ఇకమీదట మా బావకు వేరే అడ్రసుకు రాయాలంట, డిజైన్లు ఆయనవేనంట. దాని అడుగున, ఈడ మంచి వాన పడింది అని ఒక ముక్క. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటారే, అట్లయింది నా పని. అబద్ధానికి కూడా నా వానను వాడుకున్నాడు! రెండోది ఆమె జవాబు. నీ కండ్లు తొందరగా బాగుకావాలని రోజూ దేవునికి మొక్కుతాననింది ఆ తల్లి. ఆ జవాబు ఈ పెట్టెలోకి వచ్చి దిగింది ఆయుధ పూజ నాడు మజ్జాన్నం. అంటే చెయ్యి జారింది పూజకు ముందర కాదు. పనిముట్లు నిద్రపోతాండాయన్న మనిషే బొట్టు చెదరగొట్టి లేపినాడు.

నేరుగా వాళ్లింటికే పోయి అడిగినా. దాచలేదు మా బావ. "ఇంట్లో ఉండే ఆడదానివి, నీకు పేరెందుకు మే? యాపారం అన్నాక ఒక మొగోడి పేరుంటేనే నిలబడతాది" అన్నాడు. కాగితం మీద వెయ్యి అనిన నోరే అది. నేను మా అక్క వైపు తిరిగినా. అది స్తంభానికి ఆనుకొని నేల చూస్తాండాది. అప్పుడు తెలిసింది నాకు, ఆ మజ్జాన్నం నన్ను వంటింట్లోంచి ఎందుకు లేవనీలేదో. "నీకూ తెలుసా అక్కా?" అంటి. "అందరం ఒక ఇంటోళ్లమే గదా మే" అనింది. ఆటోలో ఉండే పెట్టెను వాళ్ల గదిలో దించకుండా మా ఇంటికే తెచ్చుకుంటి.

ఆ సాయంకాలమే పూనాకు రాసినా. నా కండ్లు బాగుండాయి, ఆ మాట నేను రాయలేదు, ఈడ వాన లేదు అని. మరుసటి పొద్దున్నే జవాబొచ్చింది. వేరేవాళ్ల మగ్గాల మీద పని మళ్లా నిలబడింది, అట్టముక్క మీద పేరూ నిలబడింది. మా అక్క ఇంటికి మాత్రం నేను పోలేదు, వాళ్లూ మా గడప తొక్కలేదు. రెండు వీధులే.

ఇప్పుడు కంప్యూటరు మా ఇంట్లోనే ఉండాది. ఆయుధ పూజ మరుసటి పొద్దున లేస్తానే మొదట స్విచ్చి చూసుకుంటా. ఇన్నేండ్లలో బొట్టు ఒక్కసారీ చెదరలేదు. కాలం పోయేకొద్దీ బావ చేసిన మోసం పాతబడింది గానీ, "ఇంకొకటి తిను మే" అన్న మా అక్క మాట మాత్రం పూజ వచ్చిన ప్రతిసారీ నిన్ననే అన్నట్టుంటాది.