గుడ్ ఫ్రైడే నాటి ఒంటిగంట భోజనం

మా చెల్లె గొప్ప భక్తురాలని ఊరంతా అనుకున్న రోజుల్లో, నిజానికి ఆమె జబ్బు మనిషి. ఒకే గదిలో పడుకునేదాన్ని, ఆ సంగతి ముందుగా నేనే కనిపెట్టాల్సింది. కనిపెట్టలేదు సరికదా, గర్వపడ్డాను.

తొంభైల మధ్య మాట. బోధన్ దగ్గర ఎడపల్లిలో మాకు రెండెకరాల చెరకు ఉండేది. మెథడిస్టులం. గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజులు ఉపవాసాలుంటాయి గానీ, చాలామంది శుక్రవారాలతో సరిపెట్టుకుంటారు. పంతొమ్మిదేళ్ల మా చెల్లె నలభై రోజులూ పట్టింది. పండుగ అయిపోయాక కూడా మానలేదు. ఆమె బుగ్గలు పీక్కుపోతుంటే చర్చిలో ఆడవాళ్ల కూడికలో "ఈ పిల్లను సూసి నేర్సుకోవాలె" అనేవాళ్లు. అవ్వ, అంటే మా అమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకునేది, సంతోషంతోనే.

ఒక మధ్యాహ్నం గడ్డివాము వెనక చెల్లె కక్కుతుంటే చూశాను. పక్కన అన్నం గిన్నె, బెల్లం డబ్బా, రెండూ ఖాళీ. కడుపు మాడ్చుకుని మాడ్చుకుని, ఇక ఆగలేక దొరికిందల్లా తిని, తిన్నందుకు సిగ్గుపడి కక్కేసేదట. నా నోరు మంచిది కాదు. "దేవుని ముంగట గిదేం నాటకమే?" అని అరిచాను.

"నాతోని ఆగుడు అయితలేదక్కా," అని ఏడ్చింది.

నిజామాబాద్‌లో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. తిండి సంగతి ఒక్కటే కాదు, చెల్లెది అన్నింటిలోనూ అనుకున్నదే తడవు. ఒక పొద్దున అద్దంలో చూసుకుని జడ కత్తిరించేసుకుంది. ఎవరో నవ్వారని పరీక్ష మధ్యలో లేచి వచ్చేసింది. డాక్టర్ ఇవన్నీ విని, ఆమెను బయట కూర్చోబెట్టి నాతో అన్నాడు.

"ఆకలితోని ఈ జబ్బు ఇంకింత పెరుగుతదమ్మా. ఉపవాసాలు బంద్. పొద్దున ఎనిమిదింటికి, ఒంటిగంటకు, మళ్ల రాత్రి ఎనిమిదింటికి తినాలె. ఎవరన్న ఆమెతోనే తిని, గంటసేపు పక్కనే కూసోవాలె. ఇంకో మాట. గింత తొందర ఉన్నోళ్లు వైద్యం నడుమల ఇడిసిపెడ్తరు. ఇడిసినప్పుడల్లా తిట్టకుండ తీస్కరాండ్రి."

పక్కన కూర్చునే పని నేను తీసుకున్నాను. ఉపవాసాలు బంద్ అన్న మాట చెప్పినప్పుడు అవ్వ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మొదటిసారి చెల్లె ఆస్పత్రికి పోయే బస్సు దారిలో ఆగగానే దిగేసి, ఇంటికి నడిచి వచ్చేసింది. తిట్టకుండా మర్నాటి బస్సు ఎక్కించాను. రెండోసారి మందుగోలీలు నిజాంసాగర్ కాలువలో పారేసి, గంట తిరక్కుండా నా దగ్గరికొచ్చి ఏడ్చింది. పళ్లు బిగించుకుని మళ్లీ తీసుకెళ్లాను. ఆ తరువాత నాలుగు నెలలు చక్కగా తిన్నది. ముఖం నిండింది. గండం గడిచిందనుకున్నాను.

మరుసటి ఏడు ఉపవాస దినాలు వచ్చాయి. కూడికలో ఎవరో "ఈసారి ఉపాసం లేదా బిడ్డా?" అన్నారు. అంతే, చెల్లె అక్కడికక్కడే లేచి నలభై రోజులూ ఉంటానని అందరి ముందు చెప్పేసింది. వారం తిరక్కుండానే గడ్డివాము వెనక మళ్లీ దొరికింది.

"సస్తే సావు, నాకేంది!" అన్నాను.

ఆ పూట నుంచి ఆమె పక్కన కూర్చోలేదు. డాక్టర్ చెప్పిన తొందర నాలోనూ ఉందని అప్పుడు తట్టలేదు. నా బదులు అవ్వ ఏవో తంటాలు పడేది. చెల్లె ఒక పూట తింటే రెండు పూటలు మానేసేది. నేను చూసీ చూడనట్టు తిరిగాను.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. అది ముగిసేదాకా మా చర్చిలో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టరు. రెండో మాట అయిపోగానే అవ్వ లేచి, చెల్లె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. కిటికీ పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకంతా కనిపించింది, వినిపించింది. వరండా మెట్ల మీద కూర్చుని అవ్వ సంచిలోంచి టిఫిన్ గిన్నె తీసింది.

"అందరు సూస్తుండ్రవ్వా," అంది చెల్లె.

"సూడనీ. ఒంటిగంటయింది, తిను."

"ఇయ్యాల నాతోని కాదు."

"అయితే నేను తింట," అని అవ్వ పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది.

పెళ్లయిన నాటి నుంచి ఒక్క గుడ్ ఫ్రైడే ఉపవాసం తప్పని మనిషి. ఆ ముద్ద మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. చెల్లె ఆమెనే చూస్తూ ఉండి, మెల్లగా గిన్నెలో చెయ్యి పెట్టింది.

లోపల పాట మొదలైంది. నేను కడుపు మాడ్చుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

చెల్లె ఆ తరువాత కూడా రెండుసార్లు వైద్యం వదిలేసింది. తేరుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. పాట ముగియకముందే లేచి, అందరి మధ్య నుంచి నడిచి బయటికి వెళ్లాను. చెల్లె కాస్త పక్కకు జరిగి మెట్టు మీద నాకు చోటిచ్చింది.

"మల్లొచ్చినవా అక్కా," అంది.

ఎత్తిపొడుపు లేదు, అలక లేదు. వైద్యం వదిలి ఆమె తిరిగొచ్చిన ఏ ఒక్కసారీ నేను అంత మెత్తగా పలకరించలేదు.