ముందు ఇంటివాళ్లకి

ఆమదాలవలస స్టేషన్ బయట టీ తాగుతుంటే కొట్లో టీవీ ఢమఢమా మోగింది. బ్రేకింగ్ న్యూస్ మోత. అది వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది. తెర మీద ఎవరో తల్లి నేలమీద పడి ఏడుస్తోంది. ఆమె మూతి దగ్గర నాలుగు మైకులు. ‘మీకెలా అనిపిస్తోందమ్మా’ అట! ఛీ! సగం టీ అక్కడే వదిలేసి వచ్చేశాను. సన్యాసిరావు గారైతే ఆ మైకులు లాగి అవతల పారేసేవారు.

ఆయన శ్రీకాకుళంలో ఓ వార్తా చానల్ విలేకరి. ఆ చానల్ పేరు రాయను, దానికంత మర్యాద దండగ. డిగ్రీ అయ్యాక ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ప్రమాదాల వార్తల్లో ఆయనకొక పట్టుదల ఉండేది. పోయినవాళ్ల పేరు ముందు ఇంట్లో తెలియాలి, అదీ సొంత మనిషి నోట. టీవీకి ఆ తర్వాతే. మిగతా చానళ్లు మమ్మల్ని దాటిపోయేవి, హైదరాబాద్ డెస్క్ వాళ్లు తిట్టిపోసేవారు. నేను గింజుకుంటే, “కాసేపాగితే వార్త సస్తాదేటే?” అనేవారు.

ఒకసారి వేట పడవ తిరగబడి ఒకతను పోయాడు. ఆసుపత్రిలో శవాన్ని అతని అన్న గుర్తుపట్టాడు. పోయినతని భార్య ఎర్రమ్మ అప్పటికి ఏమీ తెలియక చేపల బజారులో బేరాలాడుతోంది. ఆమెకి ఎదురుగానే హోటల్లో టీవీ. డెస్క్ ఇన్‌చార్జి ఫోన్లో అరిచే అరుపులు పక్కనున్న నాకూ వినబడుతున్నాయి.

“పేరు చెప్పవయ్యా, స్క్రోల్ వెయ్యాలి! ఆవిడ ఏడుస్తున్న విజువల్ కూడా పంపు!”

“పేరు తెలుసు బాబూ. సెప్పను. ఆయమ్మకింకా తెలీదు.”

“అయితే మైకు ఇచ్చేసి ఇంటికి పో!”

“పట్టుకుపొండి. ఆ గొట్టం లేకపోతే నాను సచ్చిపోతానేటి?”

ఫోన్ కట్టేసి, ఆ అన్నని బండెక్కించుకుని బజారుకి వెళ్లారు. చెప్పాల్సిన మాట అన్నే చెప్పాడు. వెనకే వెళ్లిన నన్ను సంచిలోంచి కెమెరా తియ్యనివ్వలేదు. మర్నాడు ఆయన ఉద్యోగం ఊడింది. ఇన్నేళ్ల చాకిరీకి ఓ కృతజ్ఞత మాట లేదు. సిగ్గులేని మనుషులు!

పోయిన వేసవిలో చీపురుపల్లి దగ్గర లారీ ఆయన బండిని గుద్దేసింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది. కబురు అందగానే ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటికి పరుగెత్తాను. ఆయన భార్య పార్వతక్క గుమ్మంలో చతికిలబడి ఉంది. లోపల టీవీలో ఆ చానలే. ‘మా మాజీ విలేకరి దుర్మరణం’ అని, ఆయన నవ్వుతున్న ఫొటోతో సహా వేస్తున్నారు.

“టీవీలో సెప్పీసినారమ్మా,” అంది పార్వతక్క. “ఇంక నువ్వేటి సెప్తావు?”

ఆ చానల్ మీద కోపం ఈ రోజుకీ ఉంది. దాన్ని చల్లారనివ్వను. ఇప్పుడు విజయనగరంలో వేరే చానల్‌కి పనిచేస్తున్నాను. నిన్న బొబ్బిలి రోడ్డులో ఆటో బోల్తాపడి ఒకామె పోయింది. డెస్క్ పేరడిగింది. “వాళ్లింటికే వెళ్తున్నాను, తర్వాత చెప్తాను” అన్నాను. అరుపులు మొదలయ్యాయి. ఫోన్ డిక్కీలో పడేసి, పోయినామె తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని బండి తీశాను. దారిపొడవునా అది మోగుతూనే ఉంది. మోగనీ.