గుమ్మడికాయ వంచిన పడవ గుంజ

ఆ రోజుల్లో సిరిసిల్ల దగ్గర రిజర్వాయరు కొత్తగా నిండింది. ఆ నీళ్లు చూసిన ప్రతివాడికీ సముద్రం చూసినట్టే ఉండేది (మాలో సముద్రం చూసినవాళ్లు తక్కువ). అలాంటి నీళ్ల మీద తుఫాను, విరిగిన పడవ, ప్రాణాలకు తెగించిన ఒక యువకుడు... ఇంత పెద్ద గాథ మీకు చెప్పబోతున్నాను. నిజానికి తుఫాను రాలేదు. పడవ అప్పటికి నీళ్లలోకి దిగనే లేదు. ఆ యువకుడు, అంటే నేను, ప్రాణాలకు తెగించలేదు, మాటలు పడ్డాడు. ఎందుకు పడాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు కాబట్టి రాస్తున్నాను.

మా సేటుకు సిరిసిల్లలో మరమగ్గాలు ఉన్నాయి. రిజర్వాయరులో టికెట్టు పెట్టి జనాన్ని తిప్పుదామని, హైదరాబాదులో ఎవరో అమ్ముతుంటే పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. "బట్ట మనది, గాలి దేవునిది. ఇగ ఖర్చేమున్నదిరా?" అన్నాడు. దాన్ని నడపడానికి కోరుట్ల నుంచి నన్ను పిలిపించాడు. నా అర్హత ఈత రావడం. శుక్రవారం పెద్ద ఆఫీసరు వచ్చి పడవ నడవడం చూస్తే పర్మిషను, పర్మిషను వస్తే నా నౌకరీ పక్కా. లేకపోతే మా బాపు నాకోసం దుబాయి వీసా మాట్లాడి పెట్టాడు. అక్కడి ఎండ కన్నా ఇక్కడి ఎండే నాకు నయం, కనీసం తెలిసిన ఎండ.

పడవ నడుమ పొడుగాటి అల్యూమినియం గుంజ నిలబడి ఉంటుంది. తెరచాపను దానికే ఎత్తి కడతారు. బుధవారం పొద్దున పడవను ట్రాలీతో సహా కట్ట మీదికి తెచ్చి గుంజ నిలబెట్టామో లేదో, సేటు వాళ్ల పెద్దమ్మ బూడిద గుమ్మడికాయతో దిగింది. కొత్త ఇంటికి, కొత్త మగ్గానికి దిష్టి తగలకుండా కట్టే కాయే. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు.

"ముందట కడుదాం పెద్దమ్మా" అన్నాను.

"ముందట కడితె ఎవలకు కనవడ్తది పిలగా? దిష్టి మీదికెల్లి తల్గుతది. కొనకు ఎక్కియ్యి."

"గాలి ఉన్నది పెద్దమ్మా, బరువైతది."

"నీకంటె బరువున్నదా?"

తెరచాప ఎత్తే తాడుకే కాయను కట్టించి కొనకు లాగించింది. గాలి వచ్చింది. కాయ ఊగింది, కాయతో గుంజ ఊగింది, గుంజతో పడవ ఊగి ట్రాలీ మీంచి పక్కకు ఒరిగింది. గుంజ పోయి కట్ట గోడకు తగిలి నడుమ దగ్గర మడత పడింది. కాయకు మాత్రం గీత కూడా పడలేదు. పెద్దమ్మ దాన్నే అందరికీ చూపించి, "చూసిన్రా, గిది ఉండవట్టికె గుంజతోటి పోయింది. లేకుంటె మనుషులకే తల్గుతుండె" అంది. అందరూ తలలూపారు. సేటు నా వైపు తిరిగాడు.

"గాలి అస్తదని నీకు తెల్వదారా? నిన్ను పెట్టుకున్నది ఎందుకు?"

గాలి ఉందని ఆ కట్ట మీద నోరు విప్పి చెప్పిన మనిషిని నేనొక్కణ్ణే. ఇది గమనించగలరు.

గుంజను ఆటో ట్రాలీకి కట్టుకుని జగిత్యాల బయలుదేరాను. చాయ్ తాగడానికి ఆగిన చోటల్లా "బోరు పైపా తమ్మీ?" అనేవాళ్లు. "పడవది" అంటే "గీడ పడవెక్కడిదే?" అని నవ్వేవాళ్లు. చివరికి బోరు పైపే అని ఒప్పుకున్నాను. జగిత్యాలలో అల్యూమినియం కిటికీలు చేసేవాడు గుంజ మీద వేలితో కొట్టి చూసి, "వెల్డింగ్ జేస్తె అతుకు కాడ మెత్తవడ్తది. మళ్ల గాలికి గాడనే వంగుతది. లోపట దిగే పైపు ఇస్త, రివిట్లు కొట్టుకోండ్రి" అని దుకాణం లోపలికి పోయాడు. ఆ పైపు పట్టుకుని కోరుట్లలో మా కాక (బాపు తమ్ముడు) దగ్గరికి పోయాను. కాక దుబాయిలో ఓడల పని చేసి వచ్చాడని మా ఇంట్లో అందరూ గర్వంగా చెప్పుకుంటారు.

"ఓడల్ల ఏం పని జేసినవ్ కాకా?" అని మొదటిసారి అడిగాను.

"రంగులేసిన. ఏం, రంగు లేకుంట ఓడ నడుస్తదా?"

రంగులేసిన చేతులతోనే గుంజను గేటు ఊచల మధ్య ఇరికించి సరిచేయబోయాడు. టప్పుమని పగిలింది. "ఇరగలే, సాఫ్ అయింది" అన్నాడు కాక. మడత పడిన చోట ఒక మూర ముక్క కోసేసి, రెండు చివర్లనూ లోపలి పైపుకు ఎక్కించి రివిట్లు బిగించాం. ఒప్పుకోవాలి, అతుకు గట్టిగానే కుదిరింది.

గురువారం కట్ట మీద నిలబెట్టి చూస్తే గుంజ కన్నా తెరచాప మూరెడు పొడుగుంది.

"గుంజ ఎందుకు పొట్టిగైందిరా?"

"ముక్క కోసినం గద సేటూ."

"కోస్తె పొట్టిగైతదని నీకు తెల్వదా?"

కోసింది కాక. నాతోపాటే కట్ట మీదికి వచ్చి, నా పక్కనే నిలబడి మబ్బులు చూస్తున్నాడు. నాకు దుబాయి వీసా కనబడింది. అప్పుడు పెద్దమ్మ ముందుకొచ్చి, "చీర పొడుగైతె కోస్తమా? బొడ్ల చెక్కుకుంటం" అని తెరచాప అడుగును మూరెడు మడిచి, దబ్బనంతో కుట్టేసింది. సాయంత్రానికి పడవను కాపాడిన మనిషి ఆమే, చెడగొట్టిన మనిషి నేనే.

శుక్రవారం పడవ నడిచింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు, నిండు తెరచాపతో, నిజంగా నడిచింది. ఆఫీసరు చేతులు వెనక్కి కట్టుకుని చూసి, "గాలి లేనప్పుడు?" అని అడిగాడు. మూడూళ్లు తిరిగినా ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. పర్మిషను ఇచ్చాడు, మోటారు బోటుకు.

గుంజ ఇప్పుడు పెద్దమ్మ డాబా మీద అడ్డంగా ఉంది, దాని మీద ఆమె చీరలు ఆరేసుకుంటుంది. రివిట్లు ఒక్కటీ ఊడలేదు. అటు పోయినప్పుడల్లా, బోరు పైపు పక్కన కూర్చుని కోపంతో ఉడికిపోతూ జగిత్యాల రోడ్డు పట్టిన ఆ పిలగాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాడిది న్యాయమైన కోపమే, కానీ వినేవాడెవడు? నౌకరీ మాత్రం నిలిచింది. మోటారు బోటుకు గుంజ ఉండదు. పొద్దున్నే డీజిలు పోస్తే చాలు.