ముందే పెట్టిన స్తోత్రకూటం

నేను ఆపరేషన్ వద్దన్నాననీ, ఇల్లు మూసి గిద్దలూరులో మా తమ్ముడి ఇంటికి చేరబోతున్నాననీ మార్కాపురంలో ఒక మాట తిరుగుతోంది. రెండూ నిజం కావు. పోయిన గురువారం తెల్లవారుజామున మా పలకల అక్క ప్రభువునందు నిద్రించింది. ఆమె సమాధి దగ్గర నేను నోరు తెరవకుండా నిలబడటం చూసినవాళ్లు నా మౌనానికి తమకు తోచిన అర్థం చెప్పుకున్నారు. అప్పుడు నేను ఒక నిర్ణయం తీసుకుంటున్నాను, అంతే.

ఆమె నాకు రక్తసంబంధి కాదు. నేను ఇక్కడి కళాశాలలో చరిత్ర చెప్పిన ఏళ్లన్నీ, ఆమె మా వీధి చివరి కార్ఖానాలో రాతిపలకలకు చెక్క చట్రాలు బిగించింది. అటువంటి పలక మీదే, నలభై దాటాక, సండే స్కూలు పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. తరువాత మా సంఘంలో స్త్రీల ప్రార్థన నడిపింది ఆమే.

మేలు జరిగాక స్తోత్రకూటం పెట్టడం మాలో ఆచారం. జబ్బు నయమైతేనో, బిడ్డ పుడితేనో పాస్టరుగారిని, ఇరుగుపొరుగును పిలిచి, పాటలు పాడి, టీ, బూందీ ఇస్తారు. అక్క మాత్రం కష్టం వచ్చిన వారంలోనే పెట్టేది. చట్రం లేని నల్లపలక మీద బలపంతో ‘స్తోత్రకూటం’ అని, దాని కింద వేళ రాసి, గడప పక్కన మేకుకు తగిలించేది. ఎందుకో రాసేది కాదు.

పలకలకు గిరాకీ పడిపోయి కార్ఖానా మూతపడిన వారం ఆ పలక వేలాడటం చూసి నాకు ఒళ్లు మండింది.

“పరీక్ష రాయకముందే మిఠాయి పంచుతావా అక్కా?”

“పంచితే ఏంది లెక్చరరమ్మా? పేపరు దిద్దేది పైనున్న నా నాయనే గదా.”

“అట్లాంటిదాన్ని మా కాలేజీలో అన్యాయం అంటారు.”

“మా సంగంలో కృప అంటార్లే. బూందీ తిను, కోపం తగ్గుతాది.”

తిన్నాను. మర్నాటి నుంచి ఆమె తర్లుపాడు వైపు మిరప కోతలకు పోయింది, ఆటోలో అందరికన్నా గట్టిగా పాడుకుంటూ.

ఆమె భర్త రాతిగనిలో పనిచేసినవాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయన మంచం పట్టినప్పుడూ పలక వేలాడింది. కూటం జరిగిన నాలుగో రోజున ఆయన పోయాడు. పరామర్శకు వచ్చిన వరుసకు మరిది ఒకడు వసారాలో అందరి ముందూ అడిగేశాడు.

“స్తోత్రకూటం పెట్టినావు గదా వదినా, ఏమైంది మరి? మనిషి దక్కినాడా?”

అతన్ని కడిగేద్దామని లేచాను. అక్క నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“మనిషి దక్కుతాడని పెట్టలేదు అబ్బయ్యా. దేవుడు ఇడిసిపెట్టడని పెట్టినా. ఇడిసిపెట్టలే. ఊపిరాడక గొంతు రాకపోయినా మీ అన్న పెదాలతో పాట పాడుకుంటానే పోయినాడు.”

ఆమె కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు. ఎన్నో యుద్ధాల గెలుపులను పాఠాలుగా చెప్పినదాన్ని నేను. కళ్లారా చూసిన గెలుపు మాత్రం ఆ వసారాలోనిదే.

నా రొమ్ములోని గడ్డ క్యాన్సరని ఈమధ్యనే తేలింది. మొదట ఆమెకే చెప్పాను. అప్పటికే ఆమె జబ్బుతో మంచం మీద ఉంది. నాకు జాలి గిట్టదని తెలుసు కనుక జాలిపడలేదు.

“భయపడతాండావా?”

“కొద్దిగా.” ఆ మాట నేను మరెవరితోనూ అనలేదు.

“భయపడు, తప్పేం లేదు. ఆయన చెయ్యి మాత్రం వదలబాక. కత్తి పట్టే డాక్టరును గూడా ఆయనే పంపినాడు. పోయి కోయించుకో.” కాసేపు ఆయాసపడి, గోడ వైపు చూపించింది. “ఆ పలక తీసకపో. నేను పొయ్యేకాడ కూటం ఎప్పుడూ నడుస్తానే ఉంటాది.”

ఆమె మీద మట్టి పడుతుండగా నేను నిశ్చయించుకున్నాను. తమ్ముణ్ణి అడగలేదు, సంఘపెద్దలనూ అడగలేదు. మర్నాడు బస్సెక్కి ఒంగోలు పోయి, ఆపరేషన్ కాగితాల మీద నా సంతకం నేనే పెట్టి వచ్చాను. సోమవారం నాడు కోస్తారు. బతికితే ఇదే ఇంటికి తిరిగి వస్తాను. లేదంటే అక్క ఉన్నచోటికి వెళతాను. ఈ రెండింటిలో ఓటమి ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

ఈ ఉదయం నా గడప పక్కన మేకు కొట్టి ఆ పలకను తగిలించాను. ‘స్తోత్రకూటం’ అన్న ఆమె వంకర అక్షరాలను అలాగే ఉంచి, పాత వేళ తుడిచి, నా చేత్తో ‘ఆదివారం సాయంత్రం ఆరింటికి’ అని రాశాను. కూరగాయల గంపతో పోతున్న పక్కవీధి ఆమె ఆగి, కూడబలుక్కుంటూ చదివింది.

“ఏం మేలు జరిగిందమ్మా?”

“సోమవారం జరుగుతుంది,” అన్నాను. “నువ్వు ఆదివారమే రా.”