జల్లెడ మీద ఇసుక పోగు

మా విశ్వవిద్యాలయంలో శాఖలు ముప్పై రెండు. ముప్పై రెండింటిలోకీ తలుపు తట్టకుండా వెళ్ళగలిగిన మనిషి మాత్రం ఒక్కడే, నమూనాల మేస్త్రి. నేను సిబ్బంది విభాగంలో గుమాస్తాగా పాతికేళ్ళు పనిచేశాను కనుక ఆయన సర్వీసు రిజిస్టరు నా బీరువాలోనే ఉండేది. అందులో ఆయన గురించి ఉన్నవి నాలుగే ముక్కలు: వడ్రంగి, ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, ఎడమ బొటనవేలి మీద గాటు, ప్రవర్తన తృప్తికరం. రిజిస్టరులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన వర్క్‌షాపు సైన్సు భవనం వెనక, ఒకప్పుడు సైకిళ్ళు పెట్టుకున్న రేకుల షెడ్డు. ఒక గోడ పొడుగునా పని బల్ల, చెక్క కదలకుండా పట్టుకోవడానికి దానికి బిగించిన రెండు పట్టుకర్రలు, మూలన కరెంటు పొయ్యి మీద ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే జిగురు డబ్బా. రెండో గోడకి అరలు. వాటిలో ప్లాస్టరు దవడలు, తీగలతో కట్టిన అణువులు, అంచు విరిగిన ఒక పెద్ద చెవి, మూరెడు పొడవున్న వంతెనలు. మొదటిసారి చూసినవాళ్ళు అది చదువుల గోదామా, పాత సామాన్ల కొట్టా అని తికమకపడేవారు.

ఆయన చదువు ఏడో తరగతి. క్లాసు బెంచీలు బాగుచేయడానికి వచ్చాడు. శరీర నిర్మాణం చెప్పే మాస్టారు ఒకసారి కర్రతో దవడ ఎముక చెక్కి ఇమ్మంటే ఇచ్చాడు. అంతే, ఆ దవడ పుణ్యమా అని బెంచీలు పోయి నమూనాలు వచ్చాయి. అంతా బాగానే ఉందనగా భాషాశాస్త్రం మేడం దగ్గర పరువు పోయింది. ఆవిడ వాక్య నిర్మాణానికి నమూనా కావాలన్నారు. ఈయన నెల రోజులు కూర్చుని, ఒక్కో మాటకి ఒక్కో కొమ్మ పెట్టి, గట్టి జిగురుతో అతికించి, మెరుగు పెట్టి పట్టుకెళ్ళాడు. మామూలు వాక్యం ప్రశ్నగా ఎలా మారుతుందో చూపిద్దామని మేడం క్లాసులో ఒక కొమ్మ పట్టుకుని లాగారు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగారు. వాక్యం మొత్తం ఆవిడ కాళ్ళ మీద పడి రెండు గోళ్ళు చితికాయి.

అప్పటినుంచి ఎవరు ఏ పని తెచ్చినా ఆయన కొలతలు తీసుకునే ముందు ఒకటే అడిగేవాడు: ఇది నిలబడాలా, కదలాలా? ఆ చిన్న ప్రశ్నకి పండితులు తలో జవాబు చెప్పేవారు. ఎముకల మాస్టారు నిలబడాలనేవారు. పక్కగదిలో గుండె పనితీరు చెప్పే మాస్టారు, కదలనిదాన్ని పాఠమనరు, శవమంటారనేవారు. ఈ విషయం మీదే వాళ్ళిద్దరికీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. భూగర్భశాస్త్రం ఆయన కదలాలి గానీ అంగుళానికి లక్షేళ్ళు పట్టాలన్నారు. సమాజశాస్త్రం ఆవిడ కుటుంబానికి పలక చేయించుకున్నారు. అందులో అత్త, మామ, తోడికోడలు, మరిది, ఒక్కో వరసకి ఒక్కో రంధ్రం, మనుషులకి మేకులు. రంధ్రం అలాగే ఉంటుంది, మేకు మారుతుందని ఆవిడ పాఠం. మా వదిన విషయంలో రంధ్రం కూడా మారిపోయిందండీ అని మేస్త్రి అంటే ఆవిడ నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. గణితం వాళ్ళు ఒక్కరే ఆయన్ని ఏమీ అడగలేదు, వాళ్ళకి కర్ర అక్కర్లేదట.

లోకంలో చదువులు రెండే, నిలబడేదాన్ని చూసేదొకటి, కదిలేదాన్ని చూసేదొకటి, మిగతావన్నీ బెంచీలు అని మేస్త్రి నాతో ఒకసారి అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఫైళ్ళ మధ్య బతికేవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది?

వర్క్‌షాపులో ఇంకొక మనిషి ఉండేది. నమూనాలకి రంగులు వేసి, పేర్లు రాసేది. అందరూ రంగులమ్మ అనేవాళ్ళు. ఆవిడ రాసిన అక్షరం అచ్చులో పోసినట్టుండేది. ఎర్ర నరానికీ నీలి నరానికీ మధ్య వెంట్రుకవాసి గీత గీసేది. మేస్త్రిని అన్నయ్యా అని పిలిచేది, ఆయన అమ్మాయ్ అనేవాడు. ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. ఆరు నెలలకోసారి ఒక్కరోజు ఆపి మళ్ళీ ఆర్డరు ఇవ్వాలి. ఆ ఆర్డరు నేనే టైపు చేసేవాణ్ణి. పదకొండేళ్ళు, ఇరవై రెండు సార్లు. లారీ ప్రమాదంలో నడుం పోయి భర్త మంచం మీద ఉన్నాడు, కూతురు హైస్కూల్లో ఉంది. ఇల్లంతా ఆవిడ కుంచె మీదే నడిచేది.

కొత్త పరిపాలనాధికారి వచ్చారు. మంచివాడే, లంచం ముట్టనివాడు. అన్నీ తెర మీదే చూపించే రోజుల్లో కర్ర బొమ్మలెందుకని ఆయన ఆలోచన. షెడ్డు ఖాళీ చేయిస్తే స్కూటర్లు పెట్టుకోవచ్చు. మేస్త్రిది పర్మనెంటు ఉద్యోగం కనుక హాస్టల్లో మంచాలు బాగుచేసే పనికి పంపిస్తారు. రంగులమ్మకి మాత్రం ఇరవై మూడో ఆర్డరు ఉండదు. అంటే షెడ్డు పోతే ఆయనకి చోటు మారుతుంది, ఆవిడకి పొయ్యి ఆరిపోతుంది. మేస్త్రికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. రెండు రోజులు నిద్రపోలేదని వాళ్ళావిడ మా ఇంట్లో చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఐదు శాఖల మాస్టార్లు కలిసి ఒక ఉమ్మడి కోర్సు మొదలుపెడుతున్నారు. నిర్మాణాన్నీ ప్రక్రియనూ ఏ శాస్త్రం ఎలా చూస్తుందో విద్యార్థులకి ఒకే గదిలో చెప్పాలని. అధికారి ఒక మెలిక పెట్టారు. ఈ ఐదుగురూ ఒప్పుకునే నమూనా ఒక్కటి నెలలో చేసి చూపిస్తే వర్క్‌షాపు ఉంటుంది, లేకపోతే లేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇక్కడ ఐదుగురూ ఉలిపికట్టెలే. ఒకరికి నది కావాలి, ఒకరికి జీవకణం, ఒకరికి వాక్యం, ఒకరికి కుటుంబం, ఒకరికి సంత. మూడు వారాలు షెడ్డులో కూర్చుని టీలు తాగి, ఒకరి మాట ఒకరు ఖండించుకుని, మూడు కొత్త వైరాలు పెట్టుకుని వెళ్ళిపోయారు. పట్టుకర్రలో ఒక్క చెక్కయినా ఎక్కలేదు.

దారి చూసింది రంగులమ్మ. నదీ గర్భం నమూనాలకి వేయడానికి సన్నటి ఇసుక కావాలంటే ఆవిడే జల్లించేది. ఆ రోజు జల్లెడని రెండు స్టూళ్ళ మధ్య ఆనించి, పైనుంచి డబ్బాతో సన్నధారగా పోస్తోంది. మధ్యలో ఆగి మేస్త్రిని పిలిచింది.

"అన్నయ్యా, ఇదిగో చూడు. నేను పోస్తూనే ఉన్నాను, కింద కారుతూనే ఉంది. ఈ పోగు మాత్రం పెరగదు, తరగదు."

మేస్త్రి చేతిలో ఉలి కింద పెట్టి వచ్చి చూశాడు. జల్లెడ మీద నాలుగు వేళ్ళ ఎత్తున ఇసుక పోగు. పైన పడుతున్నది పడుతూనే ఉంది, అడుగున రాలుతున్నది రాలుతూనే ఉంది. పోయమన్నాడు, ఆపమన్నాడు. ఆపగానే పోగు తనలోకి తాను కుంగి, నిమిషంలో మాయమైంది. మళ్ళీ పోస్తే మళ్ళీ అంతే ఎత్తుకి వచ్చి నిలబడింది. ఇది నిలబడుతోందా, కదులుతోందా అంటే రెండూనూ. సంతకం కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను, అంత సంతోషం ఆయన ముఖంలో ముందెప్పుడూ చూడలేదు.

వారంలో యంత్రం తయారైంది. కర్ర చట్రం, పైన మూతపలక ఉన్న రేకు గరాటు, మధ్యలో జల్లెడ, కింద పళ్ళెం. కింద పడ్డ ఇసుకని పైకి మోయడానికి పాత సైకిలు గొలుసుకి చిన్న రేకు గిన్నెలు కట్టాడు. పిడి తిప్పుతుంటే చాలు, పోగు అలా ఉండిపోతుంది. ఐదుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ షెడ్డులో మొదటిసారి ఒకరి మాట ఒకరు ఖండించలేదు. నీళ్ళు మారినా నది అదేనని ఒకరు, కణాలు మారినా ఒళ్ళు అదేనని ఒకరు, మాట్లాడేవాళ్ళు పోయినా భాష ఉంటుందని ఇంకొకరు. గుండె మాస్టారు ఎముకల మాస్టారిని కబురు పెట్టి మరీ పిలిపించుకున్నారు.

కమిటీ రోజున నేనూ ఉన్నాను, మినిట్స్ రాయడానికి. అధికారి పోగు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇందులో ముఖ్యమైన రేణువు ఏదని అడిగారు. మాస్టార్లు చెప్పేలోపే మేస్త్రి అందుకున్నాడు.

"ముఖ్యమైంది ఏదీ లేదండీ. ఏది పోయినా పోగుకి ఏమీ కాదు, దాని చోటికి ఇంకోటి వచ్చేస్తుంది. అదేనండీ దీని అందం."

అందరూ చప్పట్లు కొట్టారు. దీన్ని మొదట చూసింది మా రంగులమ్మ అని కూడా ఆయన చెప్పాడు. అధికారి ఆవిడ వైపు తిరిగి తల ఊపారు.

నాలుగు రోజులకి ఆర్డరు ముసాయిదా నా బల్ల మీదికి వచ్చింది. వర్క్‌షాపు కొనసాగుతుంది. రెండు పోస్టులూ కొనసాగుతాయి. మూడో పేరా చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. పదేళ్ళు దాటిన తాత్కాలిక సిబ్బంది స్థానంలో కొత్తవారిని తీసుకోవాలి. సంస్థ మనుగడ వ్యక్తుల మీద ఆధారపడదని సదరు నమూనా ద్వారా స్వయంగా వర్క్‌షాపు వారే చూపించియున్నారు. ఫైలుని నిద్రపుచ్చే విద్య గుమాస్తాకి ఉగ్గుపాలతో వస్తుంది. ఒక పాత సందేహం లేవదీస్తే మూడు నెలలు, రెండు లేవదీస్తే ఏడాది. నేను లేవదీయలేదు. నా బదిలీ దరఖాస్తు అదే అధికారి బల్ల మీద ఉంది. కామా కూడా మార్చకుండా నాలుగు ప్రతులు తీసి పంపించాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. మేస్త్రి ఆర్డరు కాయితం పట్టుకుని అధికారి గదికి వెళ్ళాడు. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, చాలా మర్యాదగా మాట్లాడారు.

"నాకేం కక్ష లేదు మేస్త్రీ. షెడ్డు ఉంది, పోస్టు ఉంది. మీరన్న మాటే నేను రాశాను."

మేస్త్రి ఊరుకోలేదు. ఇసుక తీసేసి గరాటులో ఆవాలు పోశాడు. పోగు నిలబడలేదు, జల్లెడంతా పరుచుకుపోయింది. రంపపు పొట్టు పోస్తే గోడలా నిక్కి, రంధ్రాలు మూసుకుపోయి, జల్లెడ అంచు దాటి పొంగి కింద పడింది. పోగు రూపం రేణువుని బట్టే ఉంటుంది, ఏదైనా ఒకటే అని తను అన్నది తప్పు అని చూపించడానికి ఐదుగురు మాస్టార్లనీ, అధికారినీ పిలిచాడు. అధికారికి తీరిక లేకపోయింది. మాస్టార్లు వచ్చారు. అబ్బురపడ్డారు. ఇది కోర్సులో మరో అధ్యాయమవుతుందని అక్కడికక్కడే రాసుకున్నారు, ఎవరు రాయాలన్న దాని మీద కాసేపు వాదించుకున్నారు కూడా. మేస్త్రి అప్పుడు జేబులోంచి రంగులమ్మని ఉంచమనే అర్జీ తీశాడు. భాషాశాస్త్రం మేడం, భూగర్భశాస్త్రం ఆయన సంతకం పెట్టారు. మిగతా ముగ్గురూ అది పరిపాలన విషయమన్నారు. రేణువులో తేడా ఉందని అందరూ ఒప్పుకున్నారు, ఆర్డరులో మాత్రం ఏ తేడా రాలేదు. రెండు సంతకాల అర్జీ మా విభాగానికే వచ్చింది. దాన్ని నేనే ఫైల్లో పెట్టాను.

ఆయన ఉద్యోగం వదిలేస్తాడని మేమంతా అనుకున్నాం. వదల్లేదు. మరో ఆరేళ్ళ సర్వీసు మిగిలి ఉంది, చిన్నకొడుకు ఇంకా దారిన పడలేదు. వదిలితే కథ బాగుండేది గానీ, కథ బాగుండాలని ఎవరూ బతకరు.

ఆవిడ చివరి రోజు సాయంత్రం జీతం సర్టిఫికెట్ ఇవ్వడానికి షెడ్డుకి వెళ్ళాను. రంగులమ్మ కుంచెలన్నీ కడిగి, గుడ్డతో ఒత్తి, పరిమాణాల వారీగా అరలో పెడుతోంది. వచ్చేవాళ్ళకి వెతుక్కునే పని ఉండకూడదట. ఏ డబ్బాలో ఏ రంగు ఉందో చీటీలు రాసి అతికించింది. నా చేతిలోంచి కాయితం తీసుకుని, మడిచి సంచీలో పెట్టుకుంది. ఏడవలేదు. మేస్త్రి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అన్నయ్యా, కమిటీలో నువ్వు చెప్పింది అబద్ధమేం కాదు కదా. ఏది పోయినా పోగుకి ఏం కాదని."

మేస్త్రి చేతిలోని రంపం కింద పెట్టలేదు.

"నేను ఇసుక గురించి చెప్పానమ్మా."

ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. సోమవారం కొత్త మనిషి వచ్చాడు. అక్షరాలు బాగానే రాసేవాడు.